మాలో మాట: ఝరణి దగ్గర జారిన ఒత్తు

మా బీదరుకు రెండు నీటి ఊటలు పేరు తెచ్చాయి. నరసింహస్వామి వెలసిన ఝరణి ఒకటి, గురునానకు పేరుతో ఉన్న నానక్ ఝీరా ఇంకొకటి. రెండింటికీ మొదటి అక్షరం ఝకారమే, అంటే ఒత్తున్న జకారం. మన సంఘంలో ఓ పదిమందిని నిలబెట్టి ఆ పేరు పలకమని చూడండి. తొమ్మండుగురు "జరణి" అంటారు. పదో మనిషిమి మేము. మేమూ అదే అంటాము. స్వామి ఏమీ అనుకున్నట్టు లేదు. గుహలో నడుంలోతు నీళ్లలో నడిచి వెళ్లినవాళ్లకు ఒత్తులు లెక్కపెట్టకుండానే దర్శనమిచ్చాడు.

ఇంతకూ ఈ నెల ఒత్తుల గొడవ ఎందుకు ఎత్తుకున్నామంటే, దానికి కారణం ఉన్నది. మన సంఘంలో ఏకాదశికి విష్ణుసహస్రనామ పారాయణ జరుగుతుందని మీకు తెలుసును. చాలా ఏళ్లుగా దానికి ముందు గొంతు ఒక బామ్మగారిది. పుస్తకం ఉండదు. ఆవిడ అందుకుంటే మనం వెనక నడుస్తాము. మొన్నొక ఏకాదశినాడు, ఇంటి నుంచే హైదరాబాదు కంపెనీకి పనిచేసే మన కుర్రవాడొకడు ఎదురుగా కూర్చుని ఫోనులో చూస్తూ వింటున్నాడు. పది నామాలు కాకుండానే చెయ్యి ఎత్తి, "బామ్మగారూ, బూత కాదండీ, భూత. మీరు మొదటినుంచీ తప్పే చదువుతున్నారు" అన్నాడు. మంచి పిల్లవాడే. ఉద్దేశమూ మంచిదే. బామ్మగారు మాట్లాడలేదు. చేతులు జోడించుకుని కూర్చున్నది. మిగిలినది మేము ఎలాగో ఈడ్చాము. తరువాతి ఏకాదశికి ఆవిడ రాలేదు, మోకాళ్ల నొప్పులన్నారు. ఆపై ఏకాదశికీ అవే నొప్పులు. ఆ రెండు సార్లూ ఫోను పాడింది, మనం విని ప్రసాదం తిని వచ్చాము.

కుర్రవాడు చెప్పింది తప్పా అంటే, కాదు. సంస్కృతంలో అక్షరం మారితే అర్థం ఎటు పోతుందో చెప్పలేము. సకలం అంటే అంతా, శకలం అంటే ముక్క. స్వజనులంటే మనవాళ్లు, శ్వజనులంటే కుక్కలు. సకృత్ అంటే ఒకసారి, శకృత్ అంటే పేడ. పెళ్లిలో స్వజనులందరికీ ఆశీస్సులు అని చదవబోయి శకారం పలికితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అదృష్టం కొద్దీ ఆ సమయానికి బాజాలు మోగుతూ ఉంటాయి.

స్వరం సంగతి ఇంకా సున్నితం. ఇంద్రశత్రు కథ చాలామందికి తెలిసే ఉంటుంది. తైత్తిరీయ సంహితలో ఉన్నది, పతంజలి తన మహాభాష్యం ఆరంభంలోనూ ఎత్తి చూపాడు. కొడుకును పోగొట్టుకున్న త్వష్ట ఇంద్రుణ్ణి చంపేవాడు పుట్టాలని హోమం చేశాడు. మాట సరిగానే ఉన్నది. అయితే ఉదాత్త స్వరం చివర పడవలసినది మొదట పడింది. దాంతో సమాసం మారి, ఇంద్రుణ్ణి చంపేవాడు కాస్తా ఇంద్రుడి చేత చచ్చేవాడు అయిపోయాడు. వృత్రుడు అలాగే చచ్చాడు. ఒక్క అక్షరం కూడా తప్పు పోలేదు, చూడండి.

ఈ కథ చెప్పి జనాన్ని భయపెట్టే వాళ్లను మేము చాలామందిని చూశాము. వాళ్లతో మాకో పేచీ ఉన్నది. ఆ స్వరనియమం వేదమంత్రానికి. రుద్రం, పురుషసూక్తం వంటివాటికి ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం ఉన్నాయి. అచ్చులో అనుదాత్తానికి అక్షరం కింద అడ్డగీత, స్వరితానికి పైన నిలువుగీత వేస్తారు. అవి గురువు నోట విని నేర్చుకోవలసినవి, గీతలు చూసి పాడితే రావు. సహస్రనామం మహాభారతంలోది. అందులో స్వరాల బెడద లేదు, అక్షరం శుద్ధంగా ఉంటే చాలు. త్వష్టకు పట్టిన గతిని తెచ్చి బామ్మగారి నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

ఇక మన బీదరు నాలుక సంగతి వేరే చెప్పాలి. 1956 నవంబరు 1కి ముందు ఇది హైదరాబాదు రాష్ట్రంలోది. ఆ రోజున జిల్లా మూడు ముక్కలైంది. ఉదగీరు, నిలంగా వైపు మరాఠీ వాళ్లతో పోయింది, జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశులోకి పోయాయి, మిగిలినది మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. గీతలు కాగితం మీద మారాయి కాని నాలుకల మీద ఏదీ ఎక్కడికీ పోలేదు. మా తాతల తరం ఉర్దూలో చదువుకున్నది. మేము కన్నడ బడిలో చదివి తెలుగు ఇంట్లో నేర్చుకున్నాము. బజారులో దక్కనీ, పక్కింట్లో మరాఠీ. ఫలం అనే మాటలో ఫకారం పెదవులు రెండూ కలిపి, ఊపిరి వదిలి పలకాలి. మనం ఉర్దూ "ఫైసలా"లో లాగా పళ్లు పెదవికి ఆనించి పలుకుతాము. యజ్ఞం మనకు "యగ్న్యం", మరాఠీ పొరుగువారికి "యద్న్య", హిందీవారికి "యగ్య". జకారం మీద ఞకారం పలికేవాడు మాకింతవరకు వైదికులలోనే కనిపించాడు. బ్రహ్మ "బ్రమ్హ" అయినాడు. ప్రహ్లాదుడు ఇటువైపు "ప్రల్హాద" అయి ఆ పేరుతోనే బడిలో చేరి, పెన్షను కూడా తీసుకుంటున్నాడు.

అచ్చంగా మన తెలుగువాళ్ల సొంత తప్పు ఒకటున్నది. మనకు చకారాలు రెండు. చిలకలో ఒకటి, చాపలో ఒకటి. పాత నిఘంటువులలో ఈ రెండో దానికి ౘ అని వేరే గుర్తు కూడా పెట్టారు. సంస్కృతంలో ఉన్నది మొదటిదొక్కటే. చమకం చదివేటప్పుడు చకారం అడుగడుగునా వస్తుంది గదా, అక్కడ చాప పరిచేస్తాము. మా ఇంట్లో పరిచినవారిలో మేమే ప్రథములము.

అయితే తప్పు అనే మాట అనే ముందు కాస్త ఆగాలని మాకు బుద్ధి వచ్చిన రోజు ఒకటున్నది. కొన్నేళ్ల కిందట ఒక మరాఠీ మిత్రుని గృహప్రవేశానికి వెళ్లాము. పురోహితుడు పురుషసూక్తం ఎత్తుకుని, షకారం వచ్చిన చోటల్లా ఖకారం పలుకుతున్నాడు. పురుషుడు "పురుఖుడు" అయిపోతున్నాడు. మేము మా పక్కాయన మోచెయ్యి పొడిచి నవ్వుకున్నాము. భోజనాల దగ్గర ఒక పెద్దాయన, మా నవ్వు చూసినట్టున్నాడు, మెల్లిగా చెప్పాడు. అది శుక్లయజుర్వేదంలో మాధ్యందిన శాఖ. వాళ్ల శిక్షాగ్రంథం ప్రకారం షకారానికి ఖకారమే పాఠం, మాట మొదటి యకారం జకారం అవుతుంది. మనలో చాలామందిది కృష్ణయజుర్వేదం, తైత్తిరీయ శాఖ. మన చెవికి తప్పైనది వాళ్లకు నియమం. ఆ పూట పూరణపు పోళీ మా గొంతు దిగడానికి కొంచెం కష్టపడింది.

శిక్ష అనే మాటకు మనవాళ్లు దండన అనే అర్థమే ఉంచుకున్నారు. అసలు అది ఉచ్చారణ శాస్త్రం పేరు. తైత్తిరీయోపనిషత్తు మొదలే శిక్షావల్లి. వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామ, సంతానం అని ఆరు చెప్పి ఊరుకున్నది. పాణినీయ శిక్ష ఇంకొంచెం ఇంటి మనిషిలా మాట్లాడుతుంది. ఆడపులి పిల్లను నోట కరచుకుని పోయేటప్పుడు పన్ను దిగకుండా, పిల్ల జారకుండా పట్టుకుంటుంది గదా, అక్షరాన్ని అలా పట్టుకోమంటుంది. మాత్రల కొలతకు పక్షులను చూపిస్తుంది. పాలపిట్ట అరుపు ఒక మాత్ర, కాకి అరుపు రెండు, నెమలిది మూడు, ముంగిసది అర. ఈ పాలపిట్ట ఇప్పుడు కర్ణాటకకూ తెలంగాణకూ కూడా రాష్ట్రపక్షి. హద్దుకు ఇటూ అటూ హ్రస్వం నేర్పే గురువు ఒక్కడే అన్నమాట.

అందులోనే అధములైన పాఠకులు ఆరుగురని ఒక జాబితా ఉన్నది. పాట కట్టి చదివేవాడు, తొందరపడేవాడు, తల ఊపేవాడు, రాసినది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు. ఇది చదివి మేము మన పారాయణ సభను ఒకసారి కలియజూశాము. తల ఊపేవారము మేము. ఆఫీసు వేళవుతోందని తొందరపడేవారు నలుగురైదుగురు ఉన్నారు, పేర్లు చెప్పము. చూసి చదివేవాడు ఆ కుర్రవాడు. బామ్మగారిని అర్థం తెలియని వారిలో వేయవచ్చునేమో గాని, చూసి చదివే లెక్కలో మాత్రం ఆవిడ రాదు.

మరొకటి కూడా అక్కడే ఉన్నది, మమ్మల్ని బాగా ఆకట్టుకున్నది. ముక్కుతో పలికే ఒక ధ్వని ఎలా ఉండాలో చెప్పవలసి వచ్చి, ఆ శాస్త్రకారుడు సౌరాష్ట్ర దేశపు స్త్రీ మజ్జిగను తక్రఁ అనే తీరును చూపించాడు. వేదం పలకడానికి మజ్జిగ మాట ప్రమాణమైంది. పతంజలి ఇంకో కథ చెప్పాడు. కొందరు ఋషులు మామూలు మాటల్లో "యద్వా నః, తద్వా నః" అనడానికి బదులు "యర్వాణ, తర్వాణ" అనేవారట. వాళ్లకు ఆ పేరే స్థిరపడిపోయింది. మహాజ్ఞానులే. యజ్ఞంలో కూర్చుంటే మాత్రం అలా పలికేవారు కారు. ఇంట్లో ఒక మాట, కచేరిలో ఒక మాట, గుడిలో ఒక మాటగా బతికే మనబోటి వాళ్లకు ఈ ఋషులు దగ్గరి బంధువులనిపిస్తారు.

వేదం ఇన్ని వేల ఏళ్లు అక్షరం పొల్లు పోకుండా నిలిచినది భయంతో కాదు, లెక్కతో. గుమాస్తా పని చేసేవాళ్లకు ఇది తేలికగా అర్థమవుతుంది. మేము లెక్కల వరుసను పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి కూడుతాము. రెండూ కలిస్తేనే సంతకం. ఘనపాఠీలు చేసేదీ అదే. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని మాటలను ముందుకూ వెనకకూ తిప్పి చదువుతారు. ఎక్కడ సున్న జారినా ఆ మలుపులో దొరికిపోతుంది. 2003లో యునెస్కో వారు వేదపఠన సంప్రదాయాన్ని మానవజాతి సొత్తుగా ప్రకటించి, 2008లో తమ పట్టికలో చేర్చారు.

ఇక మన సంగతికి వస్తాము. మూడో ఏకాదశికి నాలుగు రోజుల ముందు, కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని బామ్మగారి ఇంటికి వెళ్లాము. వస్తానన్నాడు గాని సందు మలుపు దగ్గర రెండుసార్లు ఆగాడు. ఆవిడ మాకు మజ్జిగ ఇచ్చి, "నాకు చదువు రాదు నాయనా. మా మామగారు పూజలో చదువుతూ ఉంటే వంటింట్లో నుంచి విని పట్టుకున్నాను. గోడ అవతల ఒత్తులు వినపడలేదేమో" అన్నది. కాసేపాగి, "తప్పైతే చెప్పు. నలుగురిలో చెప్పకు" అన్నది.

కుర్రవాడు బుద్ధిమంతుడు. కాళ్లకు దణ్ణం పెట్టాడు. తరువాత తానూ చదివి వినిపించాడు. ఇంతకూ వాడి ఫోనులో ఉన్నది ఇంగ్లీషు అక్షరాల్లో. అందులో రామ, రమ ఒకటే. టకారం, తకారం ఒకటే. బామ్మగారు కళ్లు మూసుకుని వింటూ, "రాముణ్ణి పొట్టివాణ్ణి చేశావురా" అన్నది. విసర్గల దగ్గర ఇంకా తమాషా. నమః అన్నచోట చివర రావలసినది ఒక చిన్న ఊపిరి. వాడు ఒకచోట "నమా" అన్నాడు, ఇంకోచోట పూర్తిగా హకారం దీర్ఘం తీశాడు. ఆవిడ విసర్గ, చెప్పవద్దూ, మామగారి నుంచి ఏ గోడా ఆపకుండా వచ్చినట్టున్నది. శాంతిః అంటే ఇకారపు ఛాయతో, విష్ణుః అంటే ఉకారపు ఛాయతో తేలికగా వదిలేస్తుంది.

ఆ నాలుగు సాయంత్రాలూ ఇద్దరూ కూర్చున్నారు. వాడు ఆవిడకు ఒత్తులు చెప్పాడు, ఆవిడ వాడికి మాత్రలు, విసర్గలు చెప్పింది. మేము అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని భకారం పలకడం అక్కడే నేర్చుకున్నాము. చేతికి గాలి తగిలితే ఒత్తు ఉన్నట్టు, లేకపోతే బకారం. మీరూ చేసి చూడండి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు.

ఏకాదశినాడు బామ్మగారు వచ్చింది. మోకాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. భూత శబ్దం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేసిన ఒత్తుకు ఎదురుగా ఉన్న దీపం అల్లాడింది. చాలా దూరం అలాగే సాగి, అలసిందేమో, ఒకచోట "బూత" అన్నది. కుర్రవాడు తల ఎత్తాడు, మళ్లీ దించుకున్నాడు. పారాయణ అయి అందరూ చెప్పులు వేసుకుంటుంటే దగ్గరికి వెళ్లి, "బామ్మగారూ, ఒకచోట..." అన్నాడు.

"తెలుసులేరా. పళ్లు లేవు గదా" అన్నది.

భకారానికి పళ్లతో పనిలేదు, పెదవులు చాలు. ఆ సంగతి మేమిద్దరం చెప్పలేదు.