దొరికినప్పుడే కొనాలి

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేస్తే ఒక సంగతి తెలుస్తుంది. చాలావాటిలో మొదటి యాభై అరవై పేజీల దాకా పెన్సిల్ గీతలుంటాయి, అంచుల్లో చిన్న చిన్న రాతలుంటాయి. ఆ తర్వాత పేజీలు నలగనైనా నలగవు. కొన్నవారు అక్కడ ఆగిపోయారు. వాళ్లు బద్ధకస్తులనో, గొప్ప కోసం కొన్నారనో తీర్పు చెప్పడం నాకు నచ్చదు. అలమరా నిండడానికి కొనేవాళ్లూ ఉంటారు, వాళ్ల సంగతి వదిలేయండి. తెలుగు పుస్తకం కొనేవాళ్లలో ఎక్కువమందిని తొందరపెట్టేది భయం: ఇప్పుడు తీసుకోకపోతే మళ్లీ కనబడదేమోనని.

ఆ భయం ఒట్టిది కాదు. తెలుగులో చాలా పుస్తకాలు 500 నుంచి 1000 కాపీల దాకానే వేస్తారు. అవి అయిపోయాక రెండో ముద్రణ ఎప్పుడో రచయితే చెప్పలేరు. చాలా ఊళ్లలో పుస్తకాల షాపంటే గైడ్లూ నోటుపుస్తకాలూ అమ్మేదే. అందుకే విజయవాడ పుస్తక మహోత్సవానికో, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో వెళ్లినవారు ఏడాదికి సరిపడా మోసుకొస్తారు. ఏడాదంతా తీరిక చిక్కేది మాత్రం అందులో ఒకటి రెండిటికే.

పుస్తకం సగంలో ఆగిపోవడానికి ఇంకో కారణముంది. ఒకప్పుడు నవలలు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చేవి. వారానికి నాలుగు పేజీలు చదివి, మళ్లీ సంచిక వచ్చేదాకా ఇంట్లోనూ ఆఫీసులోనూ దాని గురించే మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు విశ్వనాథ ‘వేయిపడగలు’ లాంటి బృహన్నవలను తెచ్చుకుని ఒంటరిగా మొదలుపెడతాం. నూరో పేజీ దగ్గర ఆపేస్తే, తర్వాతేమైందని అడిగే మనిషి ఉండరు. తీరిక లేకపోవడం కంటే ఈ తోడు లేకపోవడమే పెద్ద కారణమని నా నమ్మకం.

అయినా సరే, కొననివ్వండి. సగం చదివిన పుస్తకానికి ఇచ్చిన డబ్బుతోనే ప్రచురణకర్త మరో పుస్తకం అచ్చువేయగలడు. తండ్రి వదిలేసిన పుస్తకాన్ని కూతురు ఎప్పుడో ఒక వేసవి సెలవుల్లో పట్టుకోవచ్చు.

భయం పోవాలంటే మాత్రం గ్రంథాలయాలు కదలాలి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అది స్థానిక సంస్థల దగ్గర ఆగకుండా జిల్లా గ్రంథాలయ సంస్థలకు చేరాలి. పోటీ పరీక్షల పుస్తకాలతో పాటు కొత్త కథలూ నవలలూ కొనాలి. ఫలానా పుస్తకం మూడేళ్ల తర్వాతైనా మా ఊరి శాఖలో దొరుకుతుందన్న ధైర్యం ఉంటే, ఈ నెలలో చదవబోయేదొక్కటే కొనుక్కుని ఇంటికొస్తాం.