గడువులేని ప్రవాసం

శ్రీరాముని వనవాసానికి పదునాలుగేండ్ల గడువున్నది. పాండవుల అరణ్యవాసానికి పన్నెండేండ్లు, అజ్ఞాతవాసానికి ఒక ఏడు గడువున్నది. గడువు తెలిసిన ప్రవాసంలో దుఃఖం ఎంత ఉన్నా ఆశ వెన్నంటి నడుస్తుంది. గడువులేని ప్రవాసం అట్టిది కాదు. తిరిగి వెళ్ళే దినం కోసం ఎదురుచూస్తూనే అందులో మనిషి రాలిపోతాడు. పందొమ్మిదో శతాబ్దంలో పోలండు దేశీయులెందరో అనుభవించినది అటువంటి ప్రవాసమే. ఫ్రాన్సులోని ఒక శ్మశానవాటిక వారి కథను నేటికీ చెబుతున్నది.

రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యాలు 1772, 1793, 1795 సంవత్సరాలలో పోలండును మూడు విడతలుగా పంచుకొన్నాయి. దేశం పేరే పటం నుండి తొలగిపోయింది. 1830 నవంబరులో వార్సా నగరంలో రష్యా అధికారంపై తిరుగుబాటు రేగింది. మరుసటి యేడు అది అణగారిపోగా వేలాది సైనికులు, కవులు, రాజకీయ నాయకులు దేశం విడిచారు. వారిలో ఎక్కువమంది ఫ్రాన్సు చేరుకొన్నారు. చరిత్రకారులు దీనిని 'మహా వలస' అంటారు.

పారిస్‌కు ఉత్తరాన మోంమొరాన్సీ అనే చిన్న పట్టణం ఉన్నది. కవి నీమ్‌త్సేవిచ్‌ను 1841లోను, సేనాని క్న్యాజేవిచ్‌ను 1842లోను అక్కడి శ్మశానవాటికలో ఖననం చేశారు. 1794లో కొష్చూష్కో నాయకత్వాన రష్యాతో పోరాడిన మిత్రులు వారు. కాలక్రమంలో మరెందరో ప్రవాసులు వారి చెంతనే విశ్రమించారు. పోలండు జాతీయ మహాకవి మిత్స్కేవిచ్ 1855లో కాన్‌స్టాంటినోపుల్‌లో మరణించగా, ఆయన భౌతికకాయాన్నీ ఇక్కడికే తెచ్చారు. 1890లో ఆ మహాకవి అస్థికలను క్రాకోవ్ నగరానికి తరలించి, రాజుల సమాధులున్న వావెల్ ఆలయంలో నిక్షిప్తం చేశారు.

కవి నోర్విద్ కథ వేరు. ఆయన 1883లో పారిస్ సమీపాన పోలిష్ నిరాశ్రయుల శరణాలయంలో కన్నుమూశాడు. తరువాత ఆయన అవశేషాలు మోంమొరాన్సీలోని ఉమ్మడి సమాధికి చేరాయి. స్వదేశం ఆయనను గౌరవించదలచిన నాడు, ఆ సమాధి నుండి తెచ్చిన మట్టిని మాత్రమే 2001లో వావెల్‌లో ఉంచగలిగారు.

మహనీయుల అస్థికలను స్వదేశానికి చేర్చడమే న్యాయమని కొందరంటారు. 1890 నాటికి పోలండుకు రాజ్యం లేదు, సైన్యం లేదు. అట్టి జాతికి కవి సమాధి ఒక ఊతకర్ర వంటిది. కనుక ఆనాటి కోరిక సహేతుకమే. కాని 1918లో దేశం మళ్ళీ స్వతంత్రమైన తరువాత కూడ ప్రతి ఘనుణ్ణీ ఇంటికి తరలించాలనడం సమంజసమేనా? కాదని నా అభిప్రాయం. కలిసి ప్రవాసం అనుభవించినవారిని కీర్తినిబట్టి మరణానంతరం విడదీస్తే, పేరులేనివారు రెండోసారి దేశభ్రష్టులవుతారు. నోర్విద్ సమాధి నుండి తెచ్చిన మట్టిలో ఆయనతోబాటు అజ్ఞాతులైన సహప్రవాసులు కూడ ఉన్నారు. ఆ మట్టి వల్ల వారికీ వావెల్‌లో చోటు దొరికింది. ఇంతకన్న న్యాయమైన గౌరవం మరొకటి లేదు.

దూరదేశంలోని సమాధులను చూచేవారెవరన్న ప్రశ్న సహజం. మోంమొరాన్సీకి 1840ల నుండి పోలిష్ ప్రజలు ఏటేటా యాత్రగా వస్తున్నారు. అయితే ఈ బాధ్యత వారిదొక్కరిదే కాదు, ఆశ్రయమిచ్చిన నేలది కూడ. ఇందులో మన దేశానికీ భాగమున్నది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సోవియట్ రాజ్యం దూరప్రాంతాలకు తరలించిన పోలిష్ ప్రజలలో లక్షకు పైగా 1942లో ఇరాన్ చేరారు. అలసటతో, రోగాలతో అక్కడే మరణించినవారి సమాధులు టెహరాన్‌లోని దూలాబ్ శ్మశానవాటికలో ఉన్నాయి. బ్రతికినవారిలో సుమారు ఐదువేల మందికి మన కొల్హాపూర్ సమీపంలోని వళివడే శిబిరం 1943 నుండి 1948 వరకు ఆశ్రయమిచ్చింది. అక్కడ కన్నుమూసినవారిని కొల్హాపూర్‌లోనే ఖననం చేశారు. వారు కవులు కారు, సేనానులు కారు. ఏ రాజాలయమూ వారి అస్థికల కోసం కబురు పంపదు.

అతిథిని దేవునిగా భావించే సంప్రదాయం మనది. ఆ ఆదరం అతిథి ప్రాణంతో ఉన్నంతవరకే అనుకోరాదు. స్వదేశం చేరలేక మన నేలలో ఒదిగిపోయినవారి సమాధిని శుభ్రంగా ఉంచడం, దానిపై పేరు చెరిగిపోకుండ చూడడం కూడ ఆతిథ్యంలో భాగమే.