మస్కట్ ఫౌంటెన్ల వెనుక నీటి లెక్క

నవంబరు వచ్చిందంటే మస్కట్‌లో మనవాళ్ల ఫోన్లన్నీ దీపాల ఫొటోలతో నిండిపోతాయి. ఒమన్ జాతీయ దినోత్సవం ఇన్నేళ్లూ నవంబరు 18న జరిగేది. 2025 నుంచి దాన్ని 20వ తేదీకి మార్చారు. 1744లో అల్ బూసయీద్ వంశపాలన మొదలైన సందర్భాన్ని గుర్తు చేసుకునే రోజు అది. తేదీ మారినా మనవాళ్ల కార్యక్రమం మారలేదు. సెలవు రోజు సాయంత్రం నలుగురు కలిసి టాక్సీ మాట్లాడుకోవడం, మత్రా కార్నిష్ మీద నడవడం, రియామ్ కొండ మీది తెల్లటి ధూపపాత్ర కనిపించేలా ఒక ఫొటో, ఏదో ఒక ఫౌంటెన్ ముందు ఇంకో ఫొటో. అవి ఇంటికి పంపితే మా అమ్మ ఏటా అడిగే ప్రశ్న ఒకటే: "ఎడారి అంటావు కదరా, అన్ని నీళ్లు ఎక్కడివి?"

ఇప్పుడు ఆ ప్రశ్న ఇంకాస్త గట్టిగా అడగాల్సిన సమయం వచ్చింది. ట్రాఫిక్ పెరిగి, నగరంలో పాత రౌండబౌట్లు ఒక్కొక్కటే సిగ్నళ్లుగా, ఫ్లైఓవర్లుగా మారుతున్నాయి. మరోవైపు కరెంటు, నీటి ఛార్జీల మీద రాయితీలను 2021 జనవరి నుంచి ప్రభుత్వం సవరిస్తూ వస్తోంది. ఇంట్లో నీటి బిల్లు చూసి కుళాయి కట్టేసే మనిషి, రోడ్డు మధ్యలో ఎగిసిపడే నీళ్లను చూసి ఏమనుకోవాలి?

ముందు ఈ కట్టడాల సంగతి. 1970లో సుల్తాన్ ఖాబూస్ అధికారంలోకి వచ్చాక కొత్త రోడ్లు వేశారు, ఆ రోడ్లు కలిసేచోట రౌండబౌట్లు కట్టారు. మధ్యలో మిగిలిన గుండ్రటి జాగాలో నాయకుల విగ్రహాలు పెట్టలేదు. దల్లా అనే కాఫీ కూజా, ధూపపాత్ర, చేపలు, పడవ... ఇంట్లో, ఒడ్డున రోజూ చూసే వస్తువులనే పెద్దవి చేసి నిలబెట్టారు. చాలాచోట్ల వాటి చుట్టూ నీళ్లు పారించారు. విమానాశ్రయం దాటాక నిజ్వా రోడ్డు చీలేచోట ఉన్న గడియార స్తంభం బుర్జ్ అల్ సహ్వా 1985లో, 15వ జాతీయ దినోత్సవానికి కట్టింది. రియామ్ ధూపపాత్ర 1990లో, 20వ దినోత్సవానిది.

వీటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అల్ బుస్తాన్ రౌండబౌట్‌లోని 'సొహార్' ఓడ. అది బొమ్మ కాదు, నిజంగా సముద్రం దాటిన ఓడ. టిమ్ సెవెరిన్ అనే నావికుడు పాతకాలపు అరబ్ ఓడల పద్ధతిలో సూర్ పట్టణంలో దాన్ని కట్టించాడు. ఒక్క మేకు లేకుండా, పలకలను కొబ్బరి తాళ్లతో కుట్టారు. కలప కేరళది, కొబ్బరి తాడు లక్షద్వీప్‌ది. 1980 నవంబరులో మస్కట్‌లో బయల్దేరి 1981 జులైలో చైనాలోని కాంటన్ చేరింది. మన దేశపు చెట్టు ఒమన్ చరిత్రకు గుర్తుగా నిలబడి ఉందన్న సంగతి, దాని పక్క నుంచి రోజూ పనికి వెళ్లే మనవాళ్లలో చాలామందికి తెలియదు.

ఇక నీళ్లు. మస్కట్‌లో ఏడాదికి కురిసే వాన సగటున 100 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. మన దగ్గర శ్రావణంలో ఒక్క ముసురుకే అంత పడుతుంది. నగరానికి తాగునీరు ప్రధానంగా సముద్రం నుంచే వస్తుంది. ఘుబ్రాలో ఉప్పు నీటిని మంచినీరు చేసే ప్లాంటు 1976లో మొదలైంది. రోడ్ల పక్క పచ్చికకు, పూలమొక్కలకు శుద్ధి చేసిన మురుగునీటిని వాడతారు. ఫౌంటెన్‌లో ఎగిరే నీళ్లు మళ్లీ తొట్టిలోకే పడతాయి, పంపు వాటినే తిరిగి పైకి చిమ్ముతుంది. కాబట్టి చూసినంత ఖర్చు లేదు. కానీ మే, జూన్ ఎండకు ఆవిరయ్యేది, గాలికి కొట్టుకుపోయేది తక్కువేమీ కాదు. ఆ లోటు రోజూ నింపాల్సిందే, పంపుకు కరెంటు ఇవ్వాల్సిందే.

ఈ ఏర్పాటు ఎంత సున్నితమో 2007 జూన్‌లో చూశాం. గోను తుపాను దాదాపు 50 మందిని పొట్టన పెట్టుకుంది. ప్లాంట్లు దెబ్బతిని నగరంలో కుళాయిలు ఎండిపోయాయి. అప్పుడు నేను రూవిలో ఉన్నాను. వీధి నిండా వరద బురద, ఇంట్లో తాగడానికి చుక్క లేదు. ట్యాంకర్ ఎక్కడ ఆగితే అక్కడికి బకెట్లతో పరుగు. ఆ వారం ఫౌంటెన్ల గురించి ఎవరూ ఆలోచించలేదు, ఆలోచించాల్సిన అవసరమూ లేదు. ముందు గొంతు తడవాలి, తర్వాతే కంటికి ఇంపు.

ఈ వరస ఒమనీలకు కొత్త కాదు. వాళ్ల ఊళ్లలో ఫలజ్ అనే కాలువలు వందల ఏళ్లుగా దీని మీదే నడుస్తున్నాయి. కొండ అడుగున తల్లిబావి తవ్వి, అక్కడి నుంచి భూమి లోపల సొరంగం వేసి, వాలు మీదే నీటిని ఊరికి తెస్తారు. పంపు లేదు, మోటారు లేదు. ఊట నుంచి, వాగు నుంచి తెచ్చే ఫలజ్‌లూ ఉన్నాయి. నీళ్లు ఊళ్లోకి రాగానే మొదట తాగడానికి పట్టుకునే చోటు. ఆ తర్వాత మసీదు, స్నానాల గదులు. ఆ తర్వాత ఖర్జూర తోటలు. మిగిలితే ఏడాది పంటలు. తోటలకు వంతు వేళను బట్టి: పగలు నీడ గడియారం చూసి, రాత్రి నక్షత్రాలు చూసి. అరగంట వంతును 'అథర్' అంటారు. లెక్క చూడటానికి వకీల్ ఉంటాడు, వంతులు తిప్పడానికి ఆరిఫ్ ఉంటాడు. మన చెరువుల కింద నీరటికాడు చేసిన పనే. మన దగ్గర ఆ పని చాలా ఊళ్లలో పోయింది. ఒమన్‌లో ఇప్పటికీ సుమారు 3,000 ఫలజ్‌లు పారుతున్నాయి. వాటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బిర్కత్ అల్ మౌజ్‌లోని ఫలజ్ అల్ ఖత్మైన్ దగ్గర నీళ్లు మూడు సమాన పాయలుగా చీలతాయి. ఆ చీలిక దగ్గర కాసేపు నిలబడితే, నగరంలోని ఏ రంగుల ఫౌంటెన్ కన్నా అందులోనే ఎక్కువ కళ ఉందని నాకనిపించింది.

మరి మన వైపు? హైదరాబాద్‌లో చార్మినార్‌కు కాస్త ఉత్తరాన, చార్ కమాన్ల నడిమధ్య, కుతుబ్‌షాహీల నాటి గుల్జార్ హౌజ్ ఉంది. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో నీళ్లు: నగరం నడిబొడ్డు అంటే ఎలా ఉండాలో నాలుగు వందల ఏళ్ల కిందటే గీసిన బొమ్మ అది. ఇప్పుడు దాని చుట్టూ నగల దుకాణాలు, ఆటోలు, హారన్లు. సెలవుకు వెళ్లినప్పుడు రెండుసార్లు చూశాను, రెండుసార్లూ చుక్క నీరు లేదు. 2025 మే 18న గల్ఫ్‌లోని మన ఫోన్లలో ఆ పేరు మార్మోగింది, కానీ ఫౌంటెన్ వల్ల కాదు. అక్కడి పాత భవనంలో మంటలు రేగి 17 మంది చనిపోయారు, వాళ్లలో పసిపిల్లలూ ఉన్నారు. నీటి తొట్టి చుట్టూ అంత అందంగా గీసిన కూడలి, మనుషులు బయటపడే దారి కూడా లేనంత ఇరుకైపోయింది.

మస్కట్ ఇంకా అంతదాకా రాలేదు. అయితే రౌండబౌట్ తీసి సిగ్నల్ పెట్టిన ప్రతిచోటా మధ్యలోని గుండ్రటి జాగా పోతుంది. ట్రాఫిక్ కోసం అది తప్పకపోవచ్చు. పోయే కట్టడానికి ఇంకో చోటు చూపించడం, అక్కడ దాన్ని ఫలానా విభాగం చూసుకుంటుందని ముందే రాసి పెట్టడం మాత్రం కష్టమైన పని కాదు. వకీల్ లేని ఫలజ్ ఎలా ఎండుతుందో ఇక్కడి పెద్దలకు వేరే చెప్పనక్కర్లేదు. ఉన్న ఫౌంటెన్లనూ మిట్టమధ్యాహ్నం ఆపి, జనం వచ్చే సాయంత్రం వేళ నడిపితే నష్టపోయేవాళ్లు ఎవరూ లేరు.

చివరిగా మనవాళ్ల మాట. ఆ నాజిళ్లకు పట్టే తెల్లటి ఉప్పు పెచ్చును గీకేది, తొట్టిలో పాచి కడిగేది, పూలమొక్కల మొదట్లో పైపులు సరిచేసేది ఎక్కువగా మన దేశంవాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు. జగిత్యాల, నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్లూ, కడప వైపు నుంచి వచ్చినవాళ్లూ ఈ పనిలో నాకు తారసపడ్డారు. ఒమన్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3.30 దాకా ఆరుబయట ఎండలో పని చేయించకూడదు. తోటపని, ఫౌంటెన్ కడగడం కూడా ఆరుబయట పనే. ఆ గంటల్లో సూపర్‌వైజర్ పనికి రమ్మంటే కార్మిక శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. మీ క్యాంపులోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఉంటే, వాళ్లకు ఈ వేళలు చెప్పి పెట్టండి.