కాయిల్ చుట్టడం పని కాదా?

సిరిసిల్లలో మోటారు కాలితే సాంచా ఆగుతుంది. పన్నెండేళ్లుగా అలా కాలిన మోటార్లకు కాయిల్ చుట్టినవి నా చేతులే. పాత తీగ తీసి, చుట్లు లెక్కపెట్టి, స్లాట్లలో ఇన్సులేషన్ కాగితం పెట్టి, వార్నిష్ పోసి, మెగ్గర్‌తో పరీక్షించి పంపుతాను. దుకాణం మీది బోర్డు మాత్రం మా అన్న పేరున ఉంది.

నేనూ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పాసైనదాన్నే. కోరుట్లలో ఒకచోట ఇన్‌స్ట్రక్టర్ ఖాళీ ఉందంటే వెళ్లాను. "అనుభవ పత్రం ఏదమ్మా?" అన్నారు. నాకు జీతం లేదు, హాజరు పట్టీ లేదు. "అన్నకు సాయం చేయడం అనుభవమెట్లవుతది?" అని నవ్వారు. జగిత్యాల నుంచి వచ్చిన ఒక తమ్ముడి దగ్గర దుబాయి కంపెనీ కాగితం ఉంది. అతని అర్హతను నేను కాదనను. నా అర్హత ఎందుకు కనబడదని అడుగుతున్నాను.

ట్రేడు సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు మూడేళ్ల అనుభవం, క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ ఉండాలన్నది నిబంధన. అందులో ఆడ, మగ అన్న మాటే లేదు. కానీ ఆ మూడేళ్లు మాకు ఎవరిచ్చారు? 2019లో దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు స్త్రీలు అర్హులు కారన్నది. కొందరు యువతులు హైకోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. స్తంభం ఎక్కి చూపించి బబ్బూరి శిరీష 2021లో ఉద్యోగంలో చేరింది. ముందు పని దగ్గరికి రానివ్వరు, తర్వాత అనుభవం లేదంటారు. ఇది నిబంధన ముసుగేసుకున్న పితృస్వామ్యం కాదా?

అనుభవం అక్కర్లేదని నేననడం లేదు. కరెంటుతో పని నేర్పే మనిషికి చేయి తిరిగి ఉండాలి. లేకుంటే పిల్లల ప్రాణం పోతుంది. అయితే ఆ చేతినే పరీక్షించండి.

మన జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో అక్కలు ఇంటి గడపలో కూర్చుని బీడీలు చేస్తారు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంట్లో చేసినా అది పనే అని ఒప్పుకున్నది. బీడీ చుట్టడం పని అయినప్పుడు, కాయిల్ చుట్టడం ఎందుకు కాదు?

మన డిమాండ్లు మూడు. కుటుంబ దుకాణాల్లో పనిచేసే స్త్రీల పేరు, పని రిజిస్టరులో ఎక్కాలి. అనుభవ పత్రం లేనివాళ్లకు ట్రేడు పరీక్ష పెట్టి, ఆ ఫలితాన్ని అనుభవంగా లెక్కించాలి. ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ కాలంలో పిల్లల తల్లులకు వసతి, స్టైపెండ్ ఇవ్వాలి.

అక్కలారా, మీ ఊళ్లలో బోర్డు లేని మెకానిక్కులు ఎందరున్నారో ముందు లెక్క తీయండి. నా పేరుతో మొదలుపెట్టండి.