వచ్చిపోయే జబ్బు

డాక్టరు గుమ్మం తొక్కగానే మాయమయ్యే పంటినొప్పిని మీరెప్పుడైనా ఎరుగుదురా? మా పాత కారుకు సరిగ్గా అలాంటి జబ్బే పట్టుకుంది.

1984 వానాకాలం మాట. అప్పుడు రాజమండ్రిలో ఉండేవాళ్ళం. ఎండ కాసిన రోజున కారు గుర్రంలా పరుగెత్తేది. ముసురు పట్టిందా, ఎక్కిళ్ళు వచ్చినట్టు కుదుపులతో నడిచేది. "ఇంజను మిస్సవుతోందండీ" అన్నాడు డ్రైవరు. తీరా షెడ్డుకు తీసుకుపోతే, అక్కడ బుద్ధిమంతురాలిలా కూనిరాగం తీసేది. వాళ్ళు ప్లగ్గులు మార్చారు, పాయింట్లు మార్చారు, కార్బొరేటరు విప్పి కడిగారు. డబ్బు పోయింది గాని ఎక్కిళ్ళు పోలేదు.

అప్పుడు నా బుద్ధి పెడదారి పట్టింది. డ్రైవరు పెట్రోలు అమ్ముకుని కిరసనాయిలు కలుపుతున్నాడేమోనని అనుమానం పుట్టింది. మనసులో ఉంచుకున్నా బాగుండేది; నలుగురి ముందూ అనేశాను. ఆరేళ్ళు మా పిల్లల్ని బడికి తీసుకెళ్ళిన మనిషి, మారుమాట లేకుండా తాళంచెవి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా ఎవరో చెప్పగా ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. పానా బయటికి తీయనే లేదు. "ఎప్పుడెప్పుడు పేచీ పెడుతుంది బాబుగారూ?" అన్నాడు. ముసురు పట్టినప్పుడన్నాను. "అయితే చీకటి పడ్డాక వస్తాను" అన్నాడు.

ఆ రాత్రి పెరట్లో దీపాలన్నీ ఆర్పించి, ఇంజను స్టార్టు చేసి, బానెట్టు ఎత్తి, వైర్లమీద నీళ్ళు చిలకరించాడు. వెంటనే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. మూడో ప్లగ్గుకు వెళ్ళే వైరుమీద చిటచిటమంటూ నీలం నిప్పురవ్వ కనిపించింది!

బ్యాటరీ 12 వోల్టులదే అయినా, కాయిలు దాన్ని వేల వోల్టులుగా పెంచి ప్లగ్గుకు పంపుతుంది. వైరు తొడుగులో సన్నని పగులుంటే పొడిగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. తేమ తగిలితే కరెంటు ప్లగ్గుదాకా పోకుండా పక్కనున్న ఇనుములోకి దూకుతుంది. ఆ సిలిండరులో పెట్రోలు అంటుకోదు. ఇక మిగతా మూడే బండిని ఈడ్చుకు రావాలి.

మేస్త్రీ ఆ ఒక్క వైరే మార్చి, మళ్ళీ నీళ్ళు చల్లి చూపించాడు. ఇంజను ఉలకలేదు. "వచ్చిపోయే జబ్బుకు సామాను మారుస్తూ పోకూడదు బాబూ. అది వచ్చేదాకా కాచుకోవాలి. రాకపోతే రప్పించాలి" అన్నాడు.

నేటి కార్లలో కంప్యూటరు ఉంది. మూడో సిలిండరు మిస్సయితే పీ 0303 అని రాసిపెడుతుంది. ఏ సిలిండరో చెబుతుంది గాని ఎందుకో చెప్పదు. ప్లగ్గా, కాయిలా, వైరా అని ఒక్కొక్కటే చూసుకోవలసింది మనమే.

మర్నాడు డ్రైవరు ఇంటికి వెళ్ళి, తప్పు నాదేనన్నాను. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. కారు బాగైనందుకు సంతోషించాడు. పనిలోకి మాత్రం రాలేదు.