చప్పుడు లేని తుపాకీ ఎవరికి కావాలి?

అమెరికాలో 2026 జనవరి 1 నుంచి తుపాకీ సైలెన్సర్ మీద పన్ను లేదు. 1934లో అక్కడ ఒక చట్టం చేశారు. సైలెన్సర్ కొనాలంటే 200 డాలర్ల పన్ను కట్టాలి, పేరు నమోదు చేయించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి. తొంభై ఏళ్ళు దాటినా ఆ 200 అంకె మారలేదు. 2025 జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన పెద్ద బడ్జెట్ చట్టం దాన్ని సున్నా చేసింది. నమోదు కూడా ఎత్తేయాలని గట్టిగానే చూశారు. సెనెట్ నిబంధనలు అడ్డం రాబట్టి అదొక్కటి మిగిలింది.

అమెరికా పన్నుతో ఆదివాసీకేం పని అనొచ్చు. మేం హసన్‌పర్తిలో ఉండి చదువు చెప్పుకునేవాళ్ళం. ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట, గోవిందరావుపేట దిక్కు నుంచి వచ్చి ఇక్కడా హనుమకొండలోనూ గదులు కిరాయికి తీసుకొని డిగ్రీ చదివే పిల్లలు, కానిస్టేబుల్ పరీక్షకు పొద్దున్నే పరుగులు తీసే పిల్లలు మా దగ్గరికి వస్తూ పోతూ ఉంటారు. ప్రపంచంలో ఏ మూల ఏ మాట పుట్టినా రెండో రోజుకు వాళ్ళ ఫోన్లో ఉంటుంది. ఈ మాట కూడా వచ్చింది. "సైలెన్సర్ ఉంటే చెవులు పాడుకావు సార్, అడవిలో జంతువులు బెదరవు సార్, అక్కడ సడలించారు, మన దగ్గర ఎందుకు సడలించరు?" అని అడుగుతున్నారు. ఒకడైతే ఇంకాస్త ముందుకు పోయి అసలు మాట చెప్పేశాడు: "మన చేన్లకు పందులొస్తున్నాయి గదా సార్. చప్పుడు కాకుండా కొడితే ఫారెస్టోళ్ళకు తెల్వదు."

ఆ చివరి మాటకే ఈ వ్యాసం. పిల్లవాణ్ణి తిట్టి పంపితే సరిపోదు. ఆ మాట వెనక నిజమైన బాధ ఉంది. ఒక్క రాత్రిలో మొక్కజొన్న చేను నేలమట్టమైతే ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. కానీ ఆ బాధకు వాడు ఎంచుకున్న మందు మనల్నే చంపే మందు.

ముందు ఆ వస్తువేంటో చూద్దాం. సైలెన్సర్ అనగానే మనకు గుర్తొచ్చేది బండి సైలెన్సర్. మన కుర్రాళ్ళు బుల్లెట్ బండికి ఉన్న సైలెన్సర్ పీకేసి దడదడలాడిస్తారు, పోలీసులు వాటిని పట్టుకొచ్చి రోడ్డు రోలరుతో తొక్కిస్తారు. బండికి అది లేకపోతే నేరం, తుపాకీకి అది ఉంటే నేరం. ఈ రెండు వస్తువులూ చుట్టాలే. హిరమ్ పెర్సీ మాక్సిమ్ అనే అమెరికా ఇంజనీరు 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు తీసుకున్నాడు, అదే సూత్రంతో మోటారు ఇంజన్ల చప్పుడు తగ్గించే పనీ చేశాడు. పేలినప్పుడు గొట్టంలోంచి ఒక్కసారిగా దూసుకొచ్చే వేడి వాయువును లోపలి గదుల్లో తిప్పి, మెల్లగా బయటికి వదలడం. అంతే.

ఆయన తండ్రి ఎవరో కూడా మన పిల్లలకు చెప్పాలి. 1884లో మాక్సిమ్ మెషిన్‌గన్ తయారుచేసిన హిరమ్ మాక్సిమ్. 1893లో ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో బ్రిటిష్ కంపెనీ సైనికులు ఎన్‌డెబెలే ప్రజల మీదికి ఎక్కుపెట్టింది ఆ తుపాకీనే. ఈటెలు పట్టుకొని వచ్చినవాళ్ళు గుట్టలుగా కూలిపోయారు. తండ్రి తుపాకీ ఎవరి నేలను ఆక్రమించడానికి పనికొచ్చిందో తెలిశాక, కొడుకు వస్తువు మన మేలుకే వచ్చిందని నమ్మబుద్ధి కాదు. ఇది వాదన కాదు, ఊరికే గుర్తుచేస్తున్నాం. వాదన వేరే ఉంది.

చెవుల సంగతి తీసుకుందాం, అది అబద్ధం కాదు కాబట్టి. పెద్ద రైఫిల్ పేలితే చప్పుడు 160 డెసిబెల్స్ దాకా పోతుంది, చెవి పోవడానికి అది చాలు. సైలెన్సర్ అందులో 20 నుంచి 35 దాకా తగ్గిస్తుంది. మిగిలింది కూడా డీజే బాక్సు పక్కన నిలబడిన దానికంటే ఎక్కువే. సినిమాలో లాగా "తుస్సు" మనదు. అయితే చిన్న గుండుతో, ధ్వనికంటే తక్కువ వేగంతో పోయే తూటాతో కొడితే మాత్రం పక్క చేన్లో ఉన్నవాడికి కూడా అది తుపాకీ అని తట్టకపోవచ్చు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. చప్పుడు పూర్తిగా మాయం కానక్కర్లేదు. అదేం చప్పుడో, ఎటునుంచి వచ్చిందో తెలియకపోతే చాలు. 2019 మే 31న అమెరికాలోని వర్జీనియా బీచ్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయంలో 12 మందిని కాల్చి చంపినవాడి పిస్తోలుకు సైలెన్సర్ ఉంది. మేకులు కొట్టే మిషన్ చప్పుడనుకున్నామని బతికి బయటపడినవాళ్ళు చెప్పారు.

నార్వే, ఫిన్లాండ్ వంటి దేశాల్లో వేటగాళ్ళు సైలెన్సర్లు మామూలుగా వాడతారు కదా అని చదువుకున్నవాళ్ళు అడుగుతారు. వాడతారు. అక్కడ వేటకు పరీక్ష రాసి నెగ్గాలి, ప్రతి తుపాకీ లెక్కలో ఉంటుంది, వేట చట్టబద్ధమైన పని. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేటే నేరం. వేట లేని దేశంలో వేటగాడి చెవులకు రక్షణ ఎందుకు? కాల్పుల రేంజిలో సాధన చేసేవాళ్ళకు చెవి మూతలున్నాయి, వందల రూపాయల్లో దొరుకుతాయి.

మన పెద్దలు చేనును ఏంతో కాచారు? మంచె మీద కూర్చొని డబ్బా కొట్టి, డప్పు కొట్టి, కేక పెట్టి, ఒడిసెల తిప్పి. అంటే చప్పుడుతో కాచారు. నాటు తుపాకీ కూడా మంచె మీద చేసిన పని ఎక్కువగా అదే. మందు కూరి పేలిస్తే ఆ చప్పుడుకూ పొగకూ పందుల మంద పరుగెత్తేది. పక్క మంచె మీదివాడు కూడా మేలుకొనేవాడు. చేను కాచేవాడికి తుపాకీలో పనికొచ్చేదే చప్పుడు. దాన్ని తీసేస్తే మిగిలేది చంపడం ఒక్కటే. చేను కాచేవాడికి ఆ వస్తువు ఎందుకూ కొరగాదు, మాంసం కోసం రాత్రిపూట కార్లలో వచ్చేవాడికే కావాలి. 2017 మార్చిలో మహదేవ్‌పూర్ అడవిలో దుప్పుల వేట కేసు నమోదైనప్పుడు పేపర్లలో చదివాం గదా, ఆ బాపతు.

1998లో రాజస్థాన్‌లోని కంకాణి దగ్గర కృష్ణజింకల వేట సంగతి అందరికీ తెలుసు. అంత పెద్ద సినిమా నటుడు సల్మాన్ ఖాన్ మీద ఆ కేసు ఎట్లా నిలబడింది? రాత్రిపూట తుపాకీ చప్పుడు విని ఇళ్ళలోంచి బయటికి వచ్చామని బిష్ణోయి గ్రామస్తులు కోర్టులో సాక్ష్యం చెప్పారు. ఇరవై ఏళ్ళు ఆ మాట మీదే నిలబడ్డారు. 2018 ఏప్రిల్ 5న జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ళ శిక్ష వేసింది. దాని మీద అప్పీలుకు పోయారు, అది వేరే సంగతి. ఆ రాత్రి చప్పుడు వినపడకపోతే కేసే లేదు. సీసీ కెమెరా లేని చోట, స్టేషన్ ఇరవై కిలోమీటర్లున్న చోట, అడవిలో బతికేవాళ్ళకు చెవే కెమెరా.

మనుషుల విషయంలో ఇది ఇంకా బరువైన మాట. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పట్టపగలు, సంత రోజు, వేలమంది చూస్తుండగా గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చనిపోయింది 13 మంది అన్నది. అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలన్నాయి. స్థూపం దగ్గర నివాళి పెట్టుకోవడానికి కూడా ఏళ్ళ తరబడి ఆంక్షలు పెట్టారు. అంత చప్పుడైన దానికే లెక్క తేలలేదు. ప్రభుత్వ బలగాల దగ్గర ఏ వస్తువులుండాలో ఆయుధ చట్టం అడ్డుకోదు, అది మన చేతిలో లేదు. కానీ డబ్బున్న ప్రతివాడి చేతికీ, భూమి తగాదా ఉన్న ప్రతివాడి చేతికీ ఆ వస్తువును చట్టమే అందిస్తే, అడవి అంచు పల్లెలో పొద్దున కనపడిన శవానికి రాత్రి ఏ జామున ఏం జరిగిందో చెప్పేవాడు ఉండడు.

చప్పుడు లేని చావు ఎట్లుంటుందో మనం ఇప్పటికే చూస్తున్నాం. పందుల కోసం చేను చుట్టూ కట్టే కరెంటు తీగ అదే. తీగకు పందీ మనిషీ తేడా తెలియదు. పొద్దున్నే నీళ్ళు పెట్టడానికి పోయిన రైతులు, ఆవుల వెంట పోయినవాళ్ళు, పక్కనోడి చేను గట్టు మీద నడిచినవాళ్ళు పోయారు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం అడవుల్లో గాలింపుకు వచ్చిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ కూడా అట్లాంటి తీగకే బలయ్యాడు. ఆయన వయసు పిల్లలే మా దగ్గర కానిస్టేబుల్ పరీక్షకు చదువుతున్నారు. చప్పుడు చేయకుండా చంపే సాధనం ఎవరిని చంపిందో కట్టినవాడికే తెల్లారేదాకా తెలియదు. ఫారెస్టోళ్ళకు తెలియకూడదని కోరుకున్న పిల్లవాడు ఇది ఆలోచించాలి. ఫారెస్టోళ్ళకు తెలియంది వాళ్ళ అమ్మకూ తెలియదు.

మరి చట్టం ఎవరికి బిగుసుగా ఉంది, ఎవరికి వదులుగా ఉంది? ఇక్కడ మా కోపం అమెరికా మీద కాదు, మన దగ్గరి లెక్క మీద.

1878లో బ్రిటిష్‌వాళ్ళు ఆయుధ చట్టం తెచ్చి దేశం చేతిలోంచి తుపాకీ లాక్కున్నారు, తమవాళ్ళకు మాత్రం మినహాయింపు పెట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1959లో కొత్త చట్టం వచ్చింది. దాని నిబంధనల్లో తుపాకీ చప్పుడునూ మెరుపునూ తగ్గించే పరికరాలను మొదటి షెడ్యూలు మొదటి కేటగిరీలో, అన్నిటికంటే కఠినమైన వరుసలో పెట్టారు. అది అక్కడే ఉండాలి. ఒక్క మెట్టు కూడా దిగకూడదు. అదే చట్టం 13వ సెక్షన్‌లో ఇంకో మాట కూడా ఉంది, దాన్ని మనవాళ్ళకు ఎవరూ చెప్పరు. పంట కాపలా కోసం, గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు అడిగే హక్కు పౌరుడికి ఉంది. అంటే మన తాతల నాటు తుపాకీ లాంటి దానికే చట్టంలో దారి ఉంది. ఆ దారిలో మన మనుషులు నడిచింది ఎక్కడ? "నాటు తుపాకులు అప్పగించండి" అన్న ప్రచారం వస్తుంది, పట్టుబడితే కేసు వస్తుంది, దరఖాస్తు ఫారం మాత్రం ఏ ఊరికీ రాదు.

ఏటూరునాగారం వైపు ఇంకో తాళం కూడా ఉంది. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపల కొత్త తుపాకీ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందుగా ఒప్పుకోవాలని వన్యప్రాణి చట్టం 34వ సెక్షన్ అంటుంది. పందుల బెడద ఎక్కువున్న ఊళ్ళు అక్కడే, లైసెన్సు కష్టమైన ఊళ్ళూ అవే. జంతువుల కోసం ఆ కట్టడి కొంత అవసరమే, కాదనం. కానీ మూత వేసినవాళ్ళు నష్టపరిహారం కిటికీ అయినా తెరవాలి గదా.

ఒక సమాజానికి మినహాయింపు ఇవ్వడం కుదరదని అధికారులు అంటే కొడగు చూపించండి. కర్ణాటకలోని కొడవలకు బ్రిటిష్ కాలం నుంచీ లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకునే మినహాయింపు ఉంది. 2019లో కేంద్రం దాన్ని 2029 దాకా పొడిగించింది, 2021లో కర్ణాటక హైకోర్టు సమర్థించింది. అది వాళ్ళ సంస్కృతి అన్నారు. కొడవల మీద మాకు అసూయ లేదు. వాళ్ళ ఇంట్లో సంస్కృతి అయిన వస్తువు మన గుడిసెలో దొరికితే మావోయిస్టు ఆనవాలు ఎట్లా అవుతుందనేదే మా ప్రశ్న.

ఒక్క మాట సూటిగా చెప్తాం. ఇంటికో తుపాకీ కావాలని మేం అడగడం లేదు. తాగిన రాత్రి తుపాకీ ఇంట్లో ఉంటే ఏమవుతుందో మన ఊళ్ళకూ తెలుసు. ఊరికి ఒకటో రెండో, గ్రామసభ లెక్కలో, వంతుల వారీగా చేను కాచేవాళ్ళ చేతిలో ఉంటే చాలు. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ అడవినీ వన్యప్రాణినీ కాపాడే అధికారం గ్రామసభకే ఇచ్చింది. కాబట్టి చేనునూ జంతువునూ రెండింటినీ పట్టించుకునే తీర్మానం అక్కడే రాయొచ్చు. పందిని కాల్చాలంటే వన్యప్రాణి చట్టం కింద వేరే అనుమతి కావాలి, ఆ మాటా పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. బెదరగొట్టడం వేరు, చంపడం వేరు.

టీచర్లకు ఒక పని. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ధ్వని పాఠం వస్తుంది, డెసిబెల్ మాట వస్తుంది. ఆ రోజు ఫ్యాక్టరీ సైరన్ బొమ్మతో సరిపెట్టకండి. మంచె మీద డబ్బా ఎంత దూరం వినపడుతుంది, పక్క ఊరి డప్పు ఏ గాలికి వినపడుతుంది, రాత్రి ఏ చప్పుడుకు మీ నాయన లేచి బయటికి వస్తాడు అని అడగండి. ఆ రోజు పిల్లలే మనకు పాఠం చెప్తారు.

యువకులకు ఇంకో పని. ములుగు వైపు ఊళ్ళల్లో లైసెన్సుకు దరఖాస్తు కలెక్టరేటుకు పోతుంది, హసన్‌పర్తి వంటి చోట పోలీస్ కమిషనర్ దగ్గరికి. గ్రామసభ తీర్మానం రాసేటప్పుడు ఊరికే "తుపాకీ" అని రాయకండి, చదివేవాడు తనకు తోచింది అనుకుంటాడు. "పంట కాపలాకు, మూతి నుంచి మందు కూరే, చప్పుడు చేసే తుపాకీ" అని రాయండి. పోయిన పంట ఎన్ని ఎకరాలో, ఏ నెలలో పోయిందో, ఎవరి చేనో దాని కింద రాసి అందరి సంతకాలూ వేలిముద్రలూ పెట్టించండి. ఒక నకలు ఊళ్ళోనే ఉంచండి.