ఫీజెంతో చెబితే చాలు!

అబ్బాయికి ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగ్ కాలేజీలో ఫీజెంతో, దరఖాస్తుకు ఆఖరి తేదీ ఎప్పుడో చూద్దామని ఓ తండ్రి ఫోన్లో కాలేజీ వెబ్‌సైట్ తెరుస్తాడు. పైన వరసగా బోలెడు పేర్లు... మా గురించి, మా ఆశయం, ఛైర్మన్ సందేశం, ఫొటో గ్యాలరీ... దేనిమీద వేలు పెట్టినా కిందికి ఇంకో జాబితా జారుతుంది. ఫీజు మాత్రం ఎక్కడా కనిపించదు. విసుగొచ్చి ఫోన్ పక్కన పడేస్తాడు. అదేమంటే, 'మా సైట్‌లో అన్నీ ఉన్నాయండీ' అంటారు కాలేజీవాళ్లు!

ఈ గోల ఒక్క మన దగ్గరే కాదు. అమెరికన్ కార్టూనిస్టు ర్యాండల్ మన్రో 2010లో యూనివర్సిటీ వెబ్‌సైట్ల మీద ఓ బొమ్మ వేశాడు. అందులో రెండు వృత్తాలు. ఒకదాన్లో హోమ్‌పేజీలో కనిపించేవి, రెండోదాన్లో జనం వెతుక్కునేవి. రెండూ కలిసేచోట ఉన్నది ఒక్కటే... యూనివర్సిటీ పూర్తిపేరు!

మెనూ ఎందుకింత పెరుగుతుందంటే, ప్రతి విభాగానికీ తన పేరు పైనే ఉండాలి. తీసేస్తామంటే అలక. చూసేవాడి బాధ ఎవరికీ పట్టదు. ఎదురుగా ఉన్నవి ఎక్కువయ్యేకొద్దీ ఏదో ఒకటి ఎంచుకోవడానికి పట్టే సమయమూ పెరుగుతుందని విలియం హిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1952లోనే ప్రయోగాలు చేసి చెప్పాడు.

బ్రిటన్ ప్రభుత్వం ఈ చిక్కును మరోవైపు నుంచి విప్పింది. 2012 అక్టోబరులో పాత సైట్లు డైరెక్ట్‌గవ్, బిజినెస్ లింక్‌ల స్థానంలో 'గవ్.యూకే' తెచ్చింది. ఏ శాఖ ఏం చెప్పుకోవాలన్నది కాదు, జనం ఏ పనిమీద వస్తారన్నదే అక్కడ మొదటి ప్రశ్న. ఆడంబరం లేని ఆ సైటే 2013లో లండన్ డిజైన్ మ్యూజియం ఇచ్చే 'డిజైన్ ఆఫ్ ది ఇయర్' అవార్డు కొట్టేసింది.

ప్రకటన మీద నొక్కితే తెరుచుకునే ల్యాండింగ్ పేజీకైతే ఈ పొదుపు మరీ అవసరం. 'అడ్మిషన్లు మొదలయ్యాయి' అన్న ప్రకటన చూసి వచ్చినవాళ్లకు కోర్సులు, ఫీజు, ఆఖరి తేదీ, దరఖాస్తు, ఓ ఫోన్ నంబరు ఉంటే చాలు. చాలాసార్లు అక్కడ మెనూయే అక్కర్లేదు. విజయవాడ బస్సు ఏ ప్లాట్‌ఫామ్ మీదుందని అడిగితే ఆర్టీసీ చరిత్ర చెబుతామా!

అలాగని ఉన్నవన్నీ మూడుగీతల గుర్తు వెనక్కి తోసేస్తే తగ్గించినట్టు కాదు, దాచినట్టు. నీల్సన్ నార్మన్ గ్రూప్ 2016లో పరీక్షించి చూస్తే, దాచిన మెనూని జనం తక్కువగా వాడారు, పని పూర్తవడానికీ ఎక్కువసేపు పట్టింది. మాటల సంగతీ అంతే. 'అకడమిక్స్' అంటే తెల్లమొహం వేసేవాళ్లకు 'కోర్సులు-ఫీజులు' అంటే ఇట్టే అర్థమవుతుంది.

సైట్ తయారయ్యాక కాలేజీవాళ్లు పెద్ద పరీక్షలేమీ పెట్టక్కర్లేదు. దాన్ని ఎప్పుడూ చూడని ఓ అమ్మనో నాన్ననో కూర్చోబెట్టి, ఫోన్ చేతికిచ్చి, 'ఫీజెంతో చూసి చెప్పండి' అనాలి. పక్కనుంచి అందించకూడదు. వేలు ఎక్కడ ఆగిపోతుందో చూస్తూ ఉంటే చాలు.